కడ్డీ వెయ్యని పిస్తోలు

మారియెట్టా, ఒహాయో
1974 అక్టోబరు 20

ఎల్మీనా అక్కకి,

క్షేమంగా చేరాను. దారి పొడుగునా వాన. నువ్వు కట్టిచ్చిన ఆపిల్ రొట్టె పెన్సిల్వేనియా దాటకముందే అయిపోయింది. ఏడుస్తూ కూడా కడుపునిండా తినగలిగే వంశం మనది. అమ్మ అంత్యక్రియల రోజున నాన్న చేసిందీ అదే కదా.

బావ లేని ఇంట్లో నిన్ను ఒక్కదాన్నే వదిలి రావడం నాకు బొత్తిగా నచ్చలేదు. శవపేటిక దగ్గర ఆర్డిత్ నీ పక్కన నిలబడకుండా అంతసేపూ గోడవారగా ఎందుకు ఉండిపోయిందో నాకర్థం కాలేదు. కడుపుతో ఉన్న పిల్ల. కూతురు నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ కాస్త కనిపెట్టి ఉండు.

ఒక హెచ్చరిక. అంత్యక్రియలకి వచ్చిన మా పాత పిస్తోళ్ళ సంఘం వాళ్ళలో సగం మంది కళ్ళు బావ మీద లేవు, పనిగది తలుపు మీద ఉన్నాయి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఆ బట్టతలాయన "ఎర్విన్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడండీ" అని కళ్ళు తుడుచుకుని, చేతిరుమాలు జేబులో పెట్టకముందే "ఆ జత పిస్తోళ్ళు ఎవరికి వెళ్తున్నాయి?" అన్నాడు. నవ్వూ వచ్చింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. వాళ్ళనీ పూర్తిగా తప్పు పట్టలేను. ఒకప్పుడు మన లోయలో ఊరికో తుపాకీ పనివాడు ఉండేవాడు. పొడుగు తుపాకులు అందరూ చేశారు, అవి బోలెడు మిగిలాయి. పిస్తోళ్ళు చేసినవాళ్ళు బహు తక్కువ. మేపుల్ చెక్క పిడి, చేత్తో కొట్టిన గొట్టం, ఏ రెండూ ఒక్కలా ఉండవు. అలాంటివి బావ గదిలో గోడ నిండా ఉన్నాయి. వసంతం దాకా ఎవరికీ ఏదీ అమ్మకు. ఎవడొచ్చినా నా పేరు చెప్పి పంపెయ్.

ఇంకొకటి. పాతకాలపు పనివాడు కోన్రాడ్ హైస్ చేసిందేనా అని తేల్చి చెప్పమని సెప్టెంబరులో నేను తెచ్చి బావ చేతిలో పెట్టానే, ఆ పిస్తోలు షెరీఫ్ దగ్గర్నుంచి తిరిగొస్తే నువ్వు ముట్టుకోకు. గుడ్డలో చుట్టించి అటక మీద పెట్టించు. నాకొద్దు. బావ ప్రాణం తీసినదాన్ని నా గోడకి తగిలించుకోలేను.

నీ తమ్ముడు,
క్లేటన్


కట్జ్‌టౌన్, పెన్సిల్వేనియా
నవంబరు 3

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. బట్టతలాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి పెళ్ళాన్నీ ఒక కేకునీ వెంటబెట్టుకుని. కేకు తీసుకుని తలుపేశాను.

షెరీఫ్ మనిషి "ప్రమాదం" అని రాసుకుని పోయాడు. ఏనాడో ఎవడో కూరి వదిలేసిన మందు గొట్టంలో ఉండిపోయింది, మర సరిగా ఉందా లేదా అని ఎర్విన్ చెకుముకి రాయి బిగించి కొట్టి చూశాడు, నిప్పురవ్వ లోపలికి పోయింది, పేలింది. అంతేనన్నాడు. అతనికి సులువే. అతనికి మీ బావ తెలియదు. ఊరికి తెలుసు.

ఎవరు ఏ పిస్తోలు తెచ్చినా ఆయన ముందు చేసే పని నీకు చెప్పాలా? సన్నటి కడ్డీ గొట్టంలోకి దింపడం, ఆగిన చోట బొటనవేలితో పట్టుకోవడం, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడటం. కడ్డీ గొట్టం అడుగుదాకా వెళ్ళిందా, ఖాళీ. వేలెడు తక్కువైందా, లోపల గుండు ఉంది. పాస్టరు గారు ముచ్చటపడి చూడ్డానికొచ్చినా సరే, ముందు కడ్డీ. "నూరేళ్ళు నిద్రపోయిన మందు కూడా నిప్పు చూస్తే లేస్తుంది" అని ఎంతమందికి పాఠం చెప్పాడో! ఆ పాఠమే ఇప్పుడు నా కొంప ముంచుతోంది. పశువుల దాణా కొట్లో నేను బస్తాల వెనకాల ఉన్నానని తెలియక ఒకడు అంటున్నాడు: "ఎర్విన్ కడ్డీ వెయ్యకుండా పిస్తోలు పట్టుకున్నాడా? ఎవరి చెవిలో పువ్వు పెడతావోయ్?" రెండోవాడు నవ్వలేదు. "ఇంట్లో ఏదో జరిగుంటుందిలే" అన్నాడు.

ఇంట్లో జరిగింది నీకు చెప్పలేదు. ఆయన పోవడానికి ముందు ఆదివారం ఆర్డిత్ బస్సులో వచ్చింది. ఈయన వెళ్ళి తీసుకురావాలి. వెళ్ళలేదు. వానలో, ఆ కడుపుతో, సంచి మోసుకుంటూ నడిచొచ్చింది. వచ్చేసరికి ఈయన పనిగదిలో నువ్విచ్చిన పిస్తోలు ముందేసుకుని కూర్చున్నాడు. పిల్లకి ఒళ్ళు మండింది. "నాకంటే ఈ ఇనప ముక్కలే నీకు ఎక్కువ. నువ్వు పోయాక వీటన్నిటినీ ఏట్లో పారేస్తాను, చూడు!" అని అరిచింది. ఆ వారంలోనే పోయాడు. ఇప్పుడది "నాన్నని నేనే చంపాను" అంటోంది. మొగుడి దగ్గరికి వెళ్ళదు, నా దగ్గరా సరిగా ఉండదు.

చేతులు ఊరుకోక దిండ్లు కుడుతున్నాను. పోయిన వేసవిలో కొన్న నీలం చారల పరుపు గుడ్డ ఇంకా చాలా ఉంది. ఆ గుడ్డనే గుండ్రంగా కత్తిరించి, పందికొవ్వు రాసి, గుండ్లకి చుట్టుకోవడానికి ఆయనకి డబ్బాలో పెట్టిచ్చేదాన్ని. సంఘం పందేల్లో కాల్చే ఆ కొత్త పిస్తోలుకి మటుకే. పాతవాటితో కాల్చడం మీ మతంలో మహాపాపం కదా. ఆ డబ్బా ఇంకా గూట్లోనే ఉంది.

ఒక్కటి అడుగుతాను. ఆ హైస్ పిస్తోలు మా ఇంటికి తెచ్చేముందు గానీ, తెచ్చాక గానీ, నువ్వు కడ్డీ వేశావా?

ఎల్మీనా


మారియెట్టా
నవంబరు 19

అక్కా,

ఇక్కడ నది మీద ఒకటే పొగమంచు. రోడ్డుకి అవతలి ఇల్లు కనబడటం లేదు. మోకాలి నొప్పి మళ్ళీ మొదలైంది. డాక్టరు బరువు తగ్గమంటాడు, ఆయనే నాకంటే బరువు.

ఆర్డిత్ సంగతి చదివాను. చిన్నప్పుడు అది బావ పనిగదిలో చెక్కపొట్టు ఏరుకుంటూ ఆడుకునేది, గుర్తుందా? "మామయ్యా, ఇది జుట్టు" అని నా బట్టతల మీద పెట్టేది. అల్లుడు డ్వైట్ మంచివాడు. కొన్నాళ్ళు అతని దగ్గరికి పంపించు. కాలమే సర్దుతుంది.

బావ గోడ మీద పిస్తోళ్ళకి నెలకోసారి నూనెగుడ్డ పెట్టించు. తేమకి గొట్టాలు తుప్పు పడతాయి. ఇత్తడికి మటుకు మెరుగు పెట్టనివ్వకు. ఆ నలుపు రావడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది, ఎవరైనా ముచ్చటపడి తోమేస్తే పావుగంటలో పోతుంది.

నువ్వడిగినదాని గురించి ఉత్తరంలో ఎందుకు? క్రిస్మస్‌కి వస్తాను కదా, మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు,
క్లేటన్


కట్జ్‌టౌన్
డిసెంబరు 8

క్లేటన్,

నిన్ను మోకాలి నొప్పి గురించి అడగలేదు. ఇత్తడి గురించీ అడగలేదు.

మొన్న మంచు కురుస్తుంటే ఆర్డిత్ ఇంట్లో కనబడలేదు. పశువులపాక చూశాం, పనిగది చూశాం. చివరికి డ్వైట్ ఏటి గట్టున పట్టుకున్నాడు. కోటు లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. "ఇక్కడేం చేస్తున్నావే?" అంటే "ఇక్కడే కదా పారేస్తానన్నాను" అందట. అతను దాన్ని పసిపిల్లలా ఎత్తుకుని తెచ్చాడు. పొయ్యి ముందు కూర్చోబెట్టి కాళ్ళు రుద్దుతుంటే నా ముఖం చూడకుండా అంది: "అమ్మా, నాన్న కడ్డీ మరిచిపోతాడా? నిజం చెప్పు. నీ పేరైనా మరిచిపోతాడు గానీ కడ్డీ మరిచిపోడు. నా మాటకే చేశాడు." లేచి పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.

తిండి లేదు. లోపల బిడ్డ ఎదగడం లేదని డాక్టరమ్మ తిట్టి వెళ్ళింది. ఇలాగే ఉంటే ఇద్దరూ దక్కరని నా చెవిలో చెప్పింది.

ఆ పిస్తోలు నీ చేతుల్లోంచి ఆయన చేతుల్లోకి వచ్చింది. మధ్యలో ఇంకెవరూ లేరు. అందులో మందు ఎలా ఉండిపోయిందో చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. క్రిస్మస్‌కి రావద్దు. వచ్చి నా ముందు కూర్చుని హాస్యాలాడొద్దు. కాగితం మీద రాయి. పిల్లకి చూపించగలిగేలా రాయి.

ఎల్మీనా


మారియెట్టా
1975 జనవరి 6

అక్కకి, ఆర్డిత్‌కి,

ఈ ఉత్తరం మీ ఇద్దరికీ. అక్కా, దీన్ని ఆర్డిత్‌కి చదివి వినిపించు. ఒక్క మాట వదలొద్దు.

హైస్ పిస్తోలుకి నేను కడ్డీ వెయ్యలేదు.

దాన్ని ఒక ముసలి రైతు చనిపోతే వాళ్ళ పొలంలో జరిగిన వేలంలో కొన్నాను. విరిగిన కుర్చీల మధ్య చెక్కపెట్టెలో పడి ఉంది. దాన్ని గుర్తుపట్టినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఎవరైనా పసిగట్టి పాట పెంచుతారేమోనని దాన్ని సరిగా చేతిలోకి కూడా తీసుకోలేదు. కొని, కోటు కింద పెట్టుకుని, బండెక్కి నేరుగా మీ ఇంటికొచ్చాను. ఆనందంలో కళ్ళు మూసుకుపోయాయి. బావ దాన్ని అందుకుంటూ "కడ్డీ వేశావా?" అన్నాడు. "వేశాను. ఖాళీ" అన్నాను.

ఆర్డిత్, మీ నాన్న కడ్డీ మరిచిపోయే మనిషి కాదన్నావు. నిజం, మరిచిపోలేదు. మా సంఘంలో ఒక మర్యాద ఉంది. పాత సభ్యుడు పిస్తోలు అందిస్తూ "ఖాళీ" అని మాటిస్తే రెండోవాడు మళ్ళీ కడ్డీ వెయ్యడు. వేస్తే నువ్వు అబద్ధాలకోరువి అని ముఖం మీద అన్నట్టే. మీ నాన్న ఆ మర్యాదని కూడా ఖాతరు చేసేవాడు కాదు, ఎవరిచ్చినా వేసేవాడు. నాకొక్కడికే మినహాయింపు. "క్లేటన్ మాట ఒక్కటీ కడ్డీతో సమానం" అని పదిమందిలో అనేవాడు. ఆ రోజూ నా మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే అక్టోబరులో చెకుముకి రాయి బిగించి మర కొట్టి చూశాడు.

నువ్వు వానలో తడిసినందుకు అరిచావు. కూతుళ్ళు అరుస్తారు. తండ్రులు పడతారు. దానికెవరూ చావరు. మీ నాన్న నా మాట వల్ల చనిపోయాడు. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం పిరికితనం తప్ప ఇంకేమీ కాదు. నన్ను క్షమించమని అడగను. తల్లీ, లేచి ఇంత తిను.

క్లేటన్


కట్జ్‌టౌన్
ఫిబ్రవరి 2

క్లేటన్‌కి,

ఉత్తరం చదివి వినిపించాను. ఆర్డిత్ దాన్ని నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ తనే చదువుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పింగాణీ పళ్ళేలు ఒక్కొక్కటే నేలకేసి కొట్టింది. నేను ఆపలేదు. అన్నీ అయిపోయాక కింద కూర్చుని ఏడ్చింది. ఆయన పోయాక అది ఏడవడం అదే మొదలు. పొద్దున్నే లేచి నాలుగు గుడ్లు వేయించుకుని తింది.

నీ ఉత్తరాన్ని మీ సంఘం అధ్యక్షుడికి పంపించింది. "కడ్డీ వెయ్యకుండా ఖాళీ అని చెప్పే మనిషిని మీ మధ్య ఉంచుకుంటారా?" అని దాంతోపాటు నాలుగు వాక్యాలు రాసింది. వద్దని నేను అనలేదు.

ఆర్డిత్ నీకు చెప్పమన్నది చెప్తున్నాను. నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కకూడదు. దాని బిడ్డ నిన్ను తాతయ్యా అనదు.

ఎల్మీనా


మారియెట్టా
ఏప్రిల్ 14

అక్కా,

నువ్వు చదువుతావో లేదో తెలియకుండానే రాస్తున్నాను. ఈపాటికి కాన్పు అయి ఉండాలి. ఆడపిల్లా, మగపిల్లాడా అన్న ఒక్క మాట కార్డు మీద రాసి పడేస్తే చాలు. పేరు రాయకపోయినా ఫర్వాలేదు.

నా సంగతి వేరేవాళ్ళ నోట వినేకంటే నేనే చెప్పడం మేలు. వసంతం సమావేశానికి వెళ్ళాను, ఎప్పటిలాగే ఆ ఫైర్ స్టేషన్ హాలుకి. ఏటా నేను పిస్తోళ్ళు పరిచే బల్ల మీద ఎవరో గొడ్డళ్ళు పరుచుకుని ఉన్నారు. అధ్యక్షుడు నన్ను పక్కకి పిలిచి "ఈ ఏడు నీకు బల్ల లేదు క్లేటన్. వచ్చే ఏడూ ఉండదు. నువ్వే తప్పుకుంటే అందరికీ మర్యాదగా ఉంటుంది" అన్నాడు. పాపం, మంచిగానే అన్నాడు. సరేనన్నాను. ఎలాగూ వచ్చాను కదా అని నా పిస్తోళ్ళు అక్కడే అమ్మకానికి పెట్టాను, బండి వెనక తలుపు తెరిచి, పార్కింగులో.

అందరూ వచ్చారు. ఒక్కడూ ధర ముందు అడగలేదు. నేను అందించిన ప్రతిదానికీ నా ముందే, నా ముఖం చూస్తూ, కడ్డీ దింపారు. ముప్ఫై ఏళ్ళుగా నాతో కలిసి బీరు తాగినవాళ్ళు. బట్టతలాయనైతే ఒకే పిస్తోలుకి రెండుసార్లు వేశాడు. నేను కొట్లాడలేదు. సాయంత్రానికి బండి ఖాళీ అయింది. ఇంటికొచ్చి చూస్తే గోడ మీద మేకులు మిగిలాయి.

బాధపడుతున్నానని అబద్ధం ఆడను, బాధపడటం లేదనీ అబద్ధం ఆడను. ఆర్డిత్ తింటోందని రాశావు, అది చాలు.

క్లేటన్


కట్జ్‌టౌన్
మే 25

తమ్ముడూ,

ఆడపిల్ల. పేరు ఎర్మా, తాతయ్య పేరుకి దగ్గరగా ఉండాలని పెట్టారు. చూడ్డానికి పిడికెడే గానీ, గొంతు వింటే పాకలో ఆవులు బెదురుతున్నాయి. ఆర్డిత్ మొగుడి దగ్గరికి వెళ్ళిపోయింది. మొన్న ఫోనులో నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఇక ఆగలేక ఇది రాస్తున్నాను.

కవరులో ఒక గుడ్డముక్క పెట్టాను. చూశావా?

ఆ రోజు చప్పుడు విని పనిగదిలోకి నేనే ముందు వెళ్ళాను. ఆయన్ని చూశాను. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదని తెలిశాక నేల చూశాను. బల్ల కింద ఈ గుడ్డ పడి ఉంది, అంచులు కాలి, ఇంకా సన్నగా పొగ వస్తోంది. నీలం చారలు. పందికొవ్వు వాసన. ఎవరినీ పిలవకముందే తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

నూట యాభై ఏళ్ళ కిందట కూరిన గుండుకి నేను పోయిన వేసవిలో కొన్న గుడ్డ ఎలా చుడతారు? పాత మందు లేదు, పాత గుండూ లేదు. ఆయనే డబ్బా తీసి, ఆయన చేతులతోనే కూరుకున్నాడు. పందేల్లో కాల్చే పిస్తోలు పక్కనే వేలాడుతోంది, దాన్ని ముట్టుకోలేదు. జన్మలో ఎన్నడూ కాల్చని పాత పిస్తోలు తీసుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. పాత మందు పేలిందని మేమందరం అనుకోవాలి. ప్రమాదమని ఏడ్చి ఊరుకోవాలి. అంత ఆలోచించిన మనిషికి, తను కడ్డీ మరిచిపోయాడంటే ఊళ్ళో కుక్క కూడా నమ్మదని తోచలేదు. అదే నాకిప్పటికీ మింగుడుపడదు.

నిన్ను కడ్డీ వేశావా అని అడిగాను కదా. నువ్వు వెయ్యడం నేను కళ్ళారా చూశాను క్లేటన్. నా వంటింటి బల్ల మీదే వేశావు. పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్నాననుకున్నావేమో, కిటికీ అద్దంలో మీ ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు. అది ఖాళీ అని నాకు తెలుసు. తెలిసే ఆ ఉత్తరాలు రాశాను. నీ చేత అబద్ధం ఆడించాలనే రాశాను. నోరు తెరిచి "ఈ నింద నువ్వు మోయి" అని అడిగే ధైర్యం లేక, నువ్వే అర్థం చేసుకుంటావని తిప్పి తిప్పి రాశాను. అర్థం చేసుకున్నావు. తర్వాత నీ పరువు పార్కింగులో ఒక్కో పిస్తోలుగా అమ్ముడుపోయిందని చదివి కూడా ఇన్నాళ్ళు ఊరుకున్నాను.

నా బిడ్డ, నా తమ్ముడు, ఒక్కరినే పట్టుకోగలనన్నప్పుడు బిడ్డని పట్టుకున్నాను. సిగ్గుతో చస్తున్నాను. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను. నన్ను ఏమనుకుంటావో అనుకో.

ఇప్పుడు ఈ గుడ్డ నీ చేతిలో ఉంది. దీన్ని మీ అధ్యక్షుడి ముఖాన కొడితే నీ మాట నీకు తిరిగొస్తుంది. ఆర్డిత్ తట్టుకుంటుందో లేదో తెలియదు. నిర్ణయం నీది, నేను అడ్డు రాను. హైస్ పిస్తోలు కూడా షెరీఫ్ తిరిగిచ్చాడు, వేరే పార్సిల్లో పంపిస్తున్నాను. అది నీది, నా అటక మీద దానికి చోటు లేదు.

ఒక్కటే నాకు తెలియనిది. ఎందుకు చేశాడు? నిజంగానే ఆ పిల్ల మాటకేనా? ఆ ఒక్కటీ నీకు తెలిస్తే చెప్పు. ఈసారి నిజమే అడుగుతున్నాను.

నీ అక్క,
ఎల్మీనా


మారియెట్టా
జూన్ 9

అక్కా,

పార్సిలూ అందింది, కవరూ అందింది.

ముందు ఒకటి చెప్పనీ. కిటికీ అద్దం సంగతి నాకు తెలుసు. అందులో నువ్వు కనబడ్డావు నాకు. "కడ్డీ వేశావా?" అన్న నీ ఉత్తరం చదవగానే నువ్వేం అడుగుతున్నావో అర్థమైంది. జవాబుకి జనవరి దాకా పట్టింది మోకాలి నొప్పి వల్ల కాదు. మంచివాణ్ణి అనిపించుకోవడం అలవాటైపోయిన మనిషికి దాన్ని వదులుకోవడం కష్టం. ఆర్డిత్ ఏటి గట్టు మీద నిలబడిందని నువ్వు రాయకపోయి ఉంటే ఇంకా మెరుగు పెట్టని ఇత్తడి గురించే రాస్తూ ఉండేవాణ్ణేమో.

ఎందుకు చేశాడని అడిగావు. ఆర్డిత్ మాటకి కాదు.

పోయిన ఏడాది వసంతం సమావేశంలో బావ నా బల్ల మీది ఒక పిస్తోలు తీసుకుని అటూ ఇటూ తిప్పి "బాగుందే! ఎవరు చేశారు ఇది?" అన్నాడు. నేను నవ్వాను. అది ఆయన తన పెళ్ళికి ముందు కొని, ఇరవై ఏళ్ళు గోడకి పెట్టుకుని, నాకిచ్చిన పిస్తోలు. ఆయన నవ్వలేదు. తర్వాత బయట బండి ఎక్కడ పెట్టాడో కనుక్కోలేక వరసల మధ్య తిరుగుతుంటే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. బండిలో కూర్చున్నాక చెప్పాడు. రీడింగ్ అనే ఊళ్ళో ఒక డాక్టరుకి రహస్యంగా చూపించుకున్నాడట. వాళ్ళ నాన్నకి వచ్చిందే ఈయనకీ మొదలైందన్నాడట డాక్టరు. "మా నాన్నని కుర్చీకి కట్టి చెంచాతో తాగించేవాళ్ళం క్లేటన్. చివర్లో మా అమ్మని చూసి ఎవరీ ముసల్ది అని భయపడి అరిచేవాడు. ఎల్మీనా చేత నాకా పని చేయించను" అన్నాడు. నేనది మాటవరసకి అన్నాడనుకున్నాను. మూర్ఖుణ్ణి. సెప్టెంబరులో నేనే స్వయంగా తెచ్చి ఆయన చేతికి పిస్తోలు అందించాను. కాబట్టి నా ఉత్తరంలో అబద్ధం కడ్డీ ఒక్కటే. నా వల్ల చనిపోయాడన్నది పూర్తి అబద్ధమని నేనిప్పటికీ అనుకోవడం లేదు.

ఆర్డిత్‌ని బస్సు దగ్గర మరిచిపోయింది పిస్తోలు మోజులో కాదు అక్కా. మరిచిపోయాడు, అంతే. కడ్డీ సంగతి ఊరందరికీ తెలుసన్నది ఆయనకి తోచకపోవడమూ అందుకే. నువ్వు పెళ్ళాడిన ఎర్విన్ అయితే అలాంటి పొరపాటు చేసేవాడు కాదు.

నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నీ దగ్గర ఆ ఒట్టు ఇప్పుడు తప్పాను. ఆర్డిత్ దగ్గర తప్పను, నువ్వూ చెప్పకు. "పిల్లకి తెలిస్తే తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయిన ప్రతిసారీ తన తల తనే తడుముకుంటూ బతుకుతుంది" అన్నాడు. తాతకీ తండ్రికీ వచ్చిందని తెలిస్తే అది ఎర్మాని ఎత్తుకుని కూడా అదే ఆలోచిస్తుంది. దానికంటే నన్ను తిట్టుకుంటూ బతకడం ఎంతో సుఖం. కోపం ఉన్న మనిషికి ఆకలేస్తుంది, నిద్ర పడుతుంది, నువ్వే చూశావు కదా. అది నన్ను క్షమించాలని నువ్వు ఎప్పుడూ ప్రయత్నించకు. ఎర్మా ఫోటో ఒకటి మటుకు దానికి తెలియకుండా పంపించు.

నీ గుడ్డముక్క పొయ్యిలో వేశాను. కొవ్వు ఇంకా ఉన్నట్టుంది, చటుక్కున అంటుకుంది.

హైస్ పిస్తోలు బల్ల మీద రెండు రోజులు ఉంచుకున్నాను. బావకి అది తేల్చే వ్యవధి దొరకలేదు గానీ, నిజంగా హైస్ చేసిందే. ఆ పిడి చెక్కిన చెయ్యి ఇంకెవరిదీ కాదు. లోకంలో ఇలాంటివి మూడో నాలుగో ఉంటాయి. ఆర్డిత్ అన్న మాట గుర్తొచ్చి నిన్న పొద్దున్నే నది దగ్గరికి తీసుకెళ్ళాను. ఇక్కడ ఒహాయో లోతు ఎక్కువ. విసిరేముందు అలవాటు కొద్దీ ఒడ్డున కూర్చుని కడ్డీ వేసి చూశాను. ఖాళీగానే ఉంది.

నీ తమ్ముడు,
క్లేటన్